షాంపూ మానేసి కుంకుడుకాయకు మారితే ప్రకృతికి నిజంగా మేలేనా?

నురగలెక్క:
షాంపూ వదిలి కుంకుడుకాయ పట్టుకుంటే పర్యావరణం బాగుపడిపోతుందని ఇక్కడ వారానికొకరు రాస్తున్నారు. నాకైతే అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కుంకుళ్లు దంచి మడుగులో కలిపి చేపలు పట్టే పద్ధతి ఊరికే పుట్టలేదు కదా. ఇటు షాంపూల్లో నురగ కోసం వాడే సోడియం లారెత్ సల్ఫేటేమో మురుగునీటి శుద్ధిలో తొందరగానే విరిగిపోతుంది. సెంటిమెంటు పక్కన పెట్టి, మారడానికి గట్టి కారణం ఒక్కటి చెప్పండి.

గింజతీసినకుంకుడు:
కారణం నురగలో లేదండీ, ప్యాకెట్లో ఉంది. రూపాయి, రెండు రూపాయల సాచెట్ అంటే వేర్వేరు ప్లాస్టిక్ పొరలు అతికించిన ఫిల్మ్. పొరలు విడదీయడం కుదరదు కాబట్టి పాతసామాన్లవాళ్లు కూడా ముట్టుకోరు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు గుట్కా, పొగాకు, పాన్ మసాలా సాచెట్లను నిషేధించాయి, షాంపూ జోలికి పోలేదు. 2022 జూలై 1న నిషేధంతో స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు పోయినా షాంపూ సాచెట్ అలాగే ఉంది. కుంకుళ్లకు ఈ బెడద లేదు. సంచిలో విడిగా దొరుకుతాయి, రసం తీశాక పిప్పి ఎరువు గుంతలోకి పోతుంది. ఏజెన్సీ గిరిజనులు ఏరిన అటవీ ఉత్పత్తులను కొనడానికి విశాఖలో 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనేవాటిలో కుంకుళ్లు, శీకాయ కూడా ఉన్నాయి. ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్నదీ లెక్కే.

చేపల మాట నిజమే. చెరువులో, కాలువలో దిగి కుంకుడుతో తలంటుకోవద్దు. షాంపూతోనూ వద్దు.

నురగలెక్క:
సాచెట్ తప్పయితే సాచెట్ మానండి. పెద్ద సీసా కొంటే అది తిరిగి అమ్ముడుపోతుంది, దానికి కుంకుడు దాకా వెళ్లక్కర్లేదు. ఇంకో విషయం ఎవరూ ఎత్తడం లేదు: వేడినీళ్లు. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీలు పెంచాలంటే 0.35 యూనిట్ కరెంటు కావాలి. స్టవ్ మీదైతే వేడి సగం గాలికే పోతుంది కాబట్టి 50 గ్రాముల పైన గ్యాస్. పైగా కుంకుళ్లను అరగంట మరగబెడుతుంటారు. షవర్ కింద పది నిమిషాలు నిలబడి "నేను నేచురల్" అంటే ఎలా?

తలంటు_ఆదివారం:
మరగబెట్టమని ఎవరు చెప్పారు? భుజాల దాకా ఉన్న జుట్టుకు 8–10 కాయలు చాలు. చితక్కొట్టి నల్లగింజ తీసేయండి, రసం ఉండేది తొక్కలోనే. రాత్రి 400 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో నానేసి, పొద్దున చేత్తో బాగా పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టండి. తొందరైతే మరిగిన నీళ్లు పోసి గంటసేపు మూతపెట్టినా సరిపోతుంది. సగం రసం మాడుకు, మిగతాది రెండోసారి. రసం ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు, పులిసి వాసనొస్తుంది. తలంటుకు మరిగే నీళ్లు అక్కర్లేదు, ఎండాకాలంలో చన్నీళ్లే చాలు.

ఎక్కువగా జరిగే పొరపాటు నూనె. జిడ్డు కారేలా నూనె పెట్టి, కుంకుడుతో వదల్లేదంటారు. రెండు చెంచాలకు మించొద్దు. మించితే ముందు పెసరపిండి రుద్దండి. రసం కంట్లో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసుకోమంటారు గానీ మంటకు మందు మంచినీళ్లే. కనీసం పది నిమిషాలు కడగాలి.

శీకాయ పొడితో వేరే తంటా. జల్లెడ పట్టని పొడి వెంట్రుకల్లో ఇరుక్కుని, వదిలించడానికి ఇంకో బకెట్ పడుతుంది. మిగిల్చిన నీళ్లన్నీ అక్కడే పోతాయి. పొడిని కూడా నానేసి వడకట్టిన నీళ్లే వాడండి.

బోరునీళ్లు:
అసలు చర్చ షాంపూ బార్ల మీద జరగాలి. ప్లాస్టిక్ లేదని కొని, నెలకే జుట్టు మైనంలా అయిందని పారేస్తున్నారు. తప్పు జుట్టుదీ కాదు, "ఎకో"దీ కాదు. ఆ బార్లు రెండు రకాలు. మామూలు సబ్బు రకం పీహెచ్ 9–10 ఉంటుంది (7 దాటితే క్షారం, తక్కువైతే ఆమ్లం), బోరునీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టులా జుట్టుకు పట్టేస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మన బోర్లు చాలాచోట్ల ఆ మొదటి గీత ఎప్పుడో దాటేశాయి.

రెండో రకం సిండెట్, అంటే సబ్బు కాని కృత్రిమ డిటర్జెంట్ బార్. లేబుల్ మీద "సోడియం కోకోయిల్ ఐసిథియోనేట్" ఉంటే అదే, పీహెచ్ 5–6 దగ్గర ఉంటుంది. "సోడియం పామేట్", "సోడియం కోకోయేట్", "సపోనిఫైడ్ ఆయిల్స్" అనుంటే అది సబ్బే. అనుమానముంటే చిన్న ముక్క గీరి గాజుసీసాలో బోరునీళ్లతో గిలక్కొట్టండి. విరిగిన పాలలా తెల్లటి తరకలు కడితే సబ్బు. కుంకుడు సాపోనిన్‌కు ఈ జబ్బు లేదు, కాల్షియంతో తెట్టు కట్టదు. నేను కుంకుడు వైపు మొగ్గేది అందుకే, సహజమని కాదు.

కొత్తసభ్యురాలు:
షాంపూ మానిన మొదటి నెల జుట్టులోంచి విషాలు బయటికి వస్తాయి, ఓర్చుకోవాలి అంటున్నారు. నిజమేనా?

తలంటు_ఆదివారం:
కాదమ్మా. వెంట్రుకలో ప్రాణం లేదు, విషాలు వదలడానికి అదేం కాలేయం కాదు. పాత కండిషనర్ సిలికోన్ పూత కుంకుడుకు సరిగా వదలదు, అందుకే బరువుగా, జిడ్డుగా అనిపిస్తుంది. మారే ముందు ఒక్కసారి సల్ఫేట్ షాంపూతో శుభ్రంగా కడిగి మొదలుపెట్టు. సబ్బు బార్ తెట్టు అయితే లీటరు నీళ్లలో అరచెక్క నిమ్మరసం కలిపి చివర్లో పోసుకో, తర్వాత మంచినీళ్లు. రోజూ మాత్రం వద్దు.

గింజతీసినకుంకుడు:
చుండ్రుకు కూడా కుంకుడే మందని రాసేవాళ్లకు ఒక మాట. చుండ్రులో మలసీజియా అనే ఈస్ట్ పాత్ర ఉంటుంది. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడిగితే పనిచేస్తుంది. అది నయమయ్యాక కుంకుడుకు రండి. మాడు మీద పొలుసులు ఎర్రగా, మందంగా ఉంటే చర్మవైద్యుడి దగ్గరికే.

నురగలెక్క:
సిలికోన్ మాట ఎత్తారు కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. డీ4, డీ5 సైక్లిక్ సిలికోన్లు నీళ్లలో త్వరగా విరగవు. ఐరోపా సమాఖ్య కడిగేసే ఉత్పత్తుల్లో వాటిని 2020 జనవరి 31 తర్వాత 0.1 శాతానికి కుదించింది. లేబుల్ మీద "సైక్లోపెంటాసిలోక్సేన్" (డీ5 అంటే ఇదే) ఉన్న సీసా నేనూ కొనను. కానీ అది ఒక పదార్థం మీద ఫిర్యాదు, షాంపూల జాతి మొత్తం మీద కాదు. సిలికోన్ లేని పెద్ద సీసా, చన్నీళ్లు, మగ్గుతో స్నానం. దీన్ని కుంకుడు ఎందులో ఓడిస్తుంది?

బోరునీళ్లు:
సీసా ఖాళీ అయిన రోజున. మీ వీధిలో దాన్ని కొనేవాడుంటే మీరే గెలిచారు.