ఎస్‌ఈఓకా, ప్రకటనలకా: చిన్న వెబ్‌సైట్ డబ్బు ముందు దేనికి పెట్టాలి?

పచ్చళ్ళ అక్కాచెల్లెళ్ళు, మారతహళ్ళి:
నేనూ మా అక్కా నిల్వ పచ్చళ్ళు పెట్టి బెంగళూరులో అమ్ముతున్నాము. వెబ్‌సైట్ కొత్తది, ప్రచారానికి నెలకు 20,000 రూపాయలకు మించి పెట్టలేము. అదంతా ఎస్‌ఈఓకే (గూగుల్ మామూలు ఫలితాల్లో సైట్ పైకి వచ్చేలా దాన్ని సరిదిద్దే పనికే) ఇస్తే మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి స్థానం ఖాయమని ఒక ఏజెన్సీ వారు హామీ ఇస్తున్నారు. ఇవ్వవచ్చునా?

కోరమంగళ వాసి:
ఇవ్వకండి. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. ఫలితానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని 2017 నాటి వీడియోలోనూ చెప్పింది. అంతవరకు ఖర్చులు ఎలా గడుస్తాయి? ఆర్డర్లు ఈ నెలే కావాలంటే గూగుల్‌లో డబ్బు కట్టి వేయించే ప్రకటనలే గతి.

వైట్‌ఫీల్డ్ పాఠకురాలు:
డబ్బు ఆపిన రోజే ప్రకటన కూడా ఆగిపోతుంది గదండీ. పైగా ప్రకటన చోటు కోసం గూగుల్ నడిపే వేలంలో పెద్ద కంపెనీలతో పోటీ పడి క్లిక్కుకు ధర పెంచుకుంటూ పోతే, పావుకిలో సీసా మీద మిగిలే లాభం అందులోనే పోతుంది.

ఇందిరానగర్ నుంచి:
ఏది ముందన్న వాదనలో పడి, జనం అసలు ఏమని వెతుకుతున్నారో ఎవరూ అడగలేదు. ఎస్‌ఈఓ ఉన్న గిరాకీని మీ గుమ్మానికి తేగలదు గాని, లేని గిరాకీని పుట్టించలేదు. పేరే వినని కొత్త వంటకమైతే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులే మేలు. ఆవకాయ, గోంగూరల సంగతి వేరు, వాటిని వెతికేవారు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు.

అందుచేత రెండు నెలలు కొద్ది మొత్తంతో ప్రకటనలు నడిపి, ఏయే మాటలు వెతికినవారు వచ్చారో చూపే నివేదికను వారం వారం చదవండి. అందులో 'వెల్లుల్లి లేని ఆవకాయ' పదే పదే కనబడి, మీ సైట్‌లో దానికి పేజీయే లేకపోతే, ముందు ఆ పేజీ రాయండి: ఏ నూనె వాడారు, ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది, ఏ పిన్‌కోడ్‌లకు పంపుతారు, ధర ఎంత. ప్రకటనలకు డబ్బు పెట్టినంత మాత్రాన మామూలు ఫలితాల్లో స్థానం పెరగదు. వాటి వల్ల దొరికే ఈ సమాచారమే మీకు లాభం.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ వెతుకులాటలో, మ్యాప్స్‌లో మీ వ్యాపార వివరాలు చూపే పేజీ) ఉచితం. స్థానిక ఫలితాల్లో వెతికినదానితో పొంతన, దూరం, పేరుప్రతిష్ఠలు లెక్కకు వస్తాయి కనుక కొన్నవారిని సమీక్ష రాయమని అడగండి. ఇంటినుంచే అమ్ముతూ కొనేవారిని అక్కడికి రానివ్వకపోతే చిరునామా దాచి, మీరే వెళ్ళి అందించే ప్రాంతాలను మాత్రమే చూపవచ్చు. 'ఆవకాయ పెట్టడం ఎలా' వంటి వ్యాసాలకు మాత్రం డబ్బు తగలేయకండి. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ అటువంటి ప్రశ్నలకు గూగుల్ తానే పైన ఏఐ సారాంశం చూపుతోంది. అయినా పెట్టుకోవడం నేర్చుకునేవారు సీసా ఎందుకు కొంటారు?

కోరమంగళ వాసి:
నివేదిక సంగతి ఒప్పుకుంటాను. కాని రెండు నెలలతో ప్రకటనలు ఆపమంటే ఒప్పుకోను. ఏప్రిల్, మే నెలల్లో కొత్తావకాయ కోసం అందరూ వెతికేటప్పుడు, పేజీ ఇంకా పైకి రాకపోతే ఆ ఏటి బేరం పోయినట్టే.