‘డ్యూటీ ఆఫ్ కేర్’కు ‘సంరక్షణ బాధ్యత’ సరిపోతుందా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో వాతావరణ మార్పుపై పిల్లలు వేసిన దావా గురించిన తెలుగు వ్యాసంలో ‘డ్యూటీ ఆఫ్ కేర్’ను ‘సంరక్షణ బాధ్యత’ అన్నారు. ఈ అనువాదం సరైనదేనా?

సమాధానం: సరిపోదని నా అభిప్రాయం. సంరక్షణ అనగానే ఒకరిని తన అండన ఉంచుకొని సాకడమనే అర్థం స్ఫురిస్తుంది. న్యాయశాస్త్రంలో ఈ పదబంధం పరిధి అంతకన్నా ఇరుకైనది. తన చర్య వల్ల ఇతరులకు హాని కలుగుతుందని ముందే ఊహించగలిగినవారు తగిన జాగ్రత్త తీసుకొని తీరాలన్నదే అందులోని సారం. అందువల్ల, కొంత పొడుగైనా, ‘జాగ్రత్త వహించవలసిన బాధ్యత’ అనడమే మేలు.

ఈ తేడా పట్టింపు కోసం చెబుతున్నది కాదు. న్యూ సౌత్ వేల్స్‌లోని వికరీ బొగ్గు గని విస్తరణకు అనుమతినిచ్చేటప్పుడు పర్యావరణ మంత్రికి పిల్లల పట్ల అటువంటి బాధ్యత ఉన్నదని ఎనిమిది మంది పిల్లలు ఫెడరల్ కోర్టులో వాదించారు. 2021 మే నెలలో న్యాయమూర్తి బ్రొంబర్గ్ ఆ వాదనను అంగీకరించారు; నేటి ఆస్ట్రేలియా పిల్లలలో పది లక్షల మంది ఆసుపత్రిలో అత్యవసర చికిత్స అవసరమయ్యేంతటి వడదెబ్బకు ఒక్కసారైనా గురి కాగలరన్న అంచనాను తీర్పులో నమోదు చేశారు. అయినప్పటికీ, అనుమతిని అడ్డుకునే నిషేధాజ్ఞను ఇవ్వలేదు.

అప్పీలులో 2022 మార్చి 15న అదే కోర్టుకు చెందిన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఇది కోర్టులు కాక ప్రభుత్వాలు తేల్చవలసిన విధాన విషయమని ఒకరు, మంత్రికీ పిల్లలకూ మధ్య తగినంత సన్నిహిత సంబంధం లేదని మరొకరు, పర్యావరణ చట్టం అటువంటి సంబంధాన్ని ఏర్పరచలేదని ఇంకొకరు వేర్వేరు కారణాలు చూపారు. పిల్లలకు ముప్పు లేదని మాత్రం ఎవరూ అనలేదు. ఈ తీర్పును ‘పిల్లలను సంరక్షించే బాధ్యత ప్రభుత్వానికి లేదన్న కోర్టు’ అని రాస్తే, పాఠకుడికి కోర్టు చెప్పనే చెప్పని మాట చేరుతుంది. ఆ పిల్లలు నిరూపించిన హాని మరుగున పడుతుంది. అది వారికి జరిగే అన్యాయమని నేను నమ్ముతున్నాను.

మరొక స్పందన: ‘సంరక్షణ’ గురించి మీరన్నదానితో ఏకీభవిస్తున్నాను. ‘బాధ్యత’కు బదులు ‘విధి’ అనేవారు కూడా ఉన్నారు గానీ, ‘పిల్లల పట్ల ప్రభుత్వ విధి’ వరకు బాగానే ఉన్నా, ‘పిల్లల విధి’ అని కుదించగానే అది తలరాతగా ధ్వనిస్తుంది. ‘యువత’ అన్న మాట కూడా ఇక్కడ వద్దు. దావా పద్దెనిమిదేళ్లు నిండనివారి తరఫున సాగింది. అయితే 2023లో సెనేటర్ డేవిడ్ పోకాక్ ప్రవేశపెట్టిన బిల్లు సంగతి వేరు. వాతావరణంపై గణనీయమైన ప్రభావం చూపే నిర్ణయాలలో పిల్లల ఆరోగ్యాన్నీ శ్రేయస్సునూ లెక్కలోకి తీసుకోవాలని అది కోరింది కనుక, ఆ సందర్భంలో ‘శ్రేయస్సును పరిగణించే బాధ్యత’ అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది.