అమ్మ కట్టుడు పళ్లు తీసి బీరువాలో పెట్టేసింది, ఏం చేయాలి?

ప్రశ్న (అనంతపురం):
మా అమ్మకు 72 ఏళ్లు. షుగర్ ఉంది, బీపీ మాత్రలూ వేసుకుంటుంది. ఎనిమిది నెలల కిందట పైవరుస మొత్తం కట్టుడు పళ్లు పెట్టించాం, కింద సొంత పళ్లు ఇంకా ఆరున్నాయి. ఇన్నాళ్లూ రాత్రీ పగలూ తీయకుండా పెట్టుకునేది. పదిరోజులుగా సెట్టును చేతిగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసి, జొన్నరొట్టె మానేసి మూడుపూటలా మజ్జిగన్నమే తింటోంది. అడిగితే "ఈ వయసులో పళ్లతో ఏం పనిలే" అంటుంది. నిన్న బతిమాలితే నోరు తెరిచింది. సెట్టు ఆనే చోట అంగిలంతా ఎర్రగా ఉంది, కింద పళ్లకు గార పట్టి చిగుళ్లు ఉబ్బినాయి. పెట్టించిన రోజు డాక్టర్ చెప్పినదానికల్లా తలూపింది, ఇప్పుడు ఒక్క మాటా గుర్తులేదు, ఇచ్చిన కాగితమేమో ఇంగ్లీషులో ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (కడప, పళ్ల డాక్టర్‌ని):
అంగిలి ఎరుపు చాలావరకు రాత్రిళ్లు తీయకపోవడం వల్ల వచ్చే ఫంగస్ అయ్యుంటుంది, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఒకసారి చూపించండి, మందుతో తగ్గుతుంది. సెట్టు రోజూ రాత్రి తీసి చల్లనీళ్లలో వేయాలి, పొడిగా గుడ్డలో చుడితే ఆకారం మారిపోవచ్చు. పేస్టుతో రుద్దితే గీతలు పడి మురికి అక్కడే చేరుతుంది కాబట్టి మెత్తని బ్రష్, సబ్బునీళ్లు చాలు. పెట్టుకునే ముందు బాగా కడగాలి.

ఆ ఆరు పళ్లనూ వదిలేయకండి. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది, షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా పాడవుతాయి. కొన్ని బీపీ మాత్రలకు నోరు ఎండిపోతుంది, అది కూడా అడగండి. నోట్లో పుండు గానీ తెల్లమచ్చ గానీ రెండు వారాలైనా మానకపోతే, ముఖ్యంగా ఆకూ వక్కా పొగాకూ అలవాటున్నవాళ్లు, అసలు ఆలస్యం చేయకూడదు. కడప దగ్గరైతే రిమ్స్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

జవాబు 2 (కర్నూలు):
అన్నా, తలూపితే అర్థమైనట్టు కాదు. మా నాయనకు "నీళ్లలో నానబెట్టండి" అన్నారు, ఈయన శుభ్రమవుతుందని సలసలా కాగే నీళ్లు పోసినాడు, సెట్టు వంకర తిరిగి మళ్లీ చేయించాల్సి వచ్చింది. రెండోసారి ఆ డాక్టరమ్మ "పెద్దాయనా, ఇంటికి పోయి ఏం చేస్తావో నువ్వే చేసి చూపించు" అని సెట్టు ఆయన చేతికే ఇచ్చింది. ఎక్కడ తప్పుతున్నాడో అప్పుడు తెలిసింది. ఆ మాటలే పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అద్దం పక్కన అంటించినాం. ఇంకోటి, పన్ను పీకించాలంటే రక్తం పల్చబడే గుండెమాత్ర ఎవరో చెప్పారని సొంతంగా ఆపనీయకండి, మా ఇంట్లో అదీ జరిగింది. గుండె డాక్టర్‌నే అడగాలి.

ప్రశ్న అడిగినాయన:
ఇద్దరికీ థ్యాంక్స్. రాత్రి పక్కన కూర్చుని మెల్లగా అడిగితే "అంత డబ్బు పోసినావు నాయనా, మంట పుడుతోందని ఎట్ల చెప్పేది" అంది. ఎనిమిది నెలలు ఆ మంట ఓర్చుకుని తినింది. నాకు మాట రాలేదు. సెట్టు కడిగి గిన్నెలో నీళ్లు పోసి వేశాను. మంగళవారం పోతున్నాం, ఈసారి నేనూ లోపలికి పోయి డాక్టర్ ముందే అమ్మతో చెప్పిస్తాను.