సెన్సార్ తొలగిన తర్వాత కూడా మయన్మార్ పత్రికలు ఎందుకు బలపడలేకపోయాయి?

రాజనీతి విద్యార్థి (ప్రశ్న):
మా తాతగారి తరంవారు బర్మాలోని (నేటి మయన్మార్) రంగం, అంటే నేటి యాంగాన్ నగరం, వెళ్ళి కొన్నాళ్ళు బతికి వచ్చినవారు కావడం వల్ల, బర్మా వార్తలంటే మా ఇంట్లో ఇప్పటికీ శ్రద్ధ ఎక్కువ. అక్కడి ప్రభుత్వం 2012 ఆగస్టులో ముందస్తు సెన్సార్‌ను ఎత్తివేసింది. 2013 ఏప్రిల్ 1న, దశాబ్దాల విరామం తర్వాత, ప్రైవేటు దినపత్రికలు మళ్ళీ వెలువడ్డాయి. 2015 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఘనవిజయం సాధించింది. ఇంత జరిగినా, 2021 ఫిబ్రవరిలో సైన్యం తిరుగుబాటు చేసేనాటికి అక్కడి పత్రికారంగం ఎందుకంత నిస్సహాయంగా ఉన్నదో తెలిసినవారు వివరించగలరా?

మాజీ ఉపసంపాదకుడు:
సెన్సార్ ఆగింది గానీ, పత్రికలను శిక్షించే చట్టాలు అలాగే ఉండిపోయాయి. అంతకుముందు వారపత్రికల సంపాదకులు ప్రతి సంచికనూ అచ్చుకు ముందే అధికారులకు చూపించి, వారు కొట్టివేసిన వార్తల స్థానంలో మరేదైనా నింపవలసి వచ్చేది. ఆ బాధ తప్పింది. కానీ 2013 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 66(డి) సెక్షన్ ప్రకారం, ఫేస్‌బుక్‌లో రాసిన మాటకు సైతం పరువునష్టం పేరిట జైలుకు పంపవచ్చు. బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగంగా ఉన్న కాలపు 1923 అధికార రహస్యాల చట్టం కూడా అమల్లోనే ఉంది. అదే చట్టం మన దేశంలోనూ నేటికీ కొనసాగుతున్నదని ఇక్కడి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ చట్టం ఎలా పనిచేసిందో ఒక కేసు చాలు. ఇన్ దిన్ గ్రామంలో పదిమంది రోహింగ్యాల (మయన్మార్‌లోని ముస్లిం మైనారిటీ వర్గం) హత్యపై ఆధారాలు సేకరిస్తున్న రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరులు వా లోన్, క్యావ్ సో ఊలను 2017 డిసెంబరు 12న పోలీసులు యాంగాన్‌లో ఒక రెస్టారెంటుకు పిలిచి, చేతికి కొన్ని కాగితాలిచ్చి, బయటికి రాగానే అరెస్టు చేశారు. అది పై అధికారి ఆదేశంతో పన్నిన వలేనని మో యాన్ నైంగ్ అనే పోలీసు కెప్టెన్ కోర్టులో సాక్ష్యం చెప్పారు. నిజం చెప్పిన ఆ అధికారికి శాఖాపరంగా ఏడాది జైలు పడింది, ఆయన కుటుంబాన్ని పోలీసు క్వార్టర్స్ నుంచి ఖాళీ చేయించారు. విలేకరులకు ఏడేళ్ళ శిక్ష వేయగా, సూచీ ఆ తీర్పును బహిరంగంగా సమర్థించారు. ఐదు వందల రోజులకు పైగా జైల్లో ఉన్నాక, 2019 మే 7న క్షమాభిక్షపై వారు విడుదలయ్యారు. పార్లమెంటులో మెజారిటీ ఉండి కూడా ఎన్నికైన ప్రభుత్వం ఈ చట్టాలను రద్దు చేయకపోవడమే, నా దృష్టిలో, అసలు వైఫల్యం.

సరిహద్దు పాఠకురాలు:
మాజీ ఉపసంపాదకుడు గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే తప్పంతా చట్టాల మీదే వేయలేము. రోహింగ్యాల విషయంలో అక్కడి బర్మీస్ పత్రికల్లో చాలావరకు సైన్యం చెప్పిన కథనాన్నే అచ్చువేశాయి, వారిని పరాయి దేశస్థులన్న అర్థంలో ‘బెంగాలీలు’ అనే రాశాయి. తోటి పౌరుల పక్షాన ప్రశ్నించని పత్రికకు, తనకు కష్టం వచ్చినప్పుడు అండగా నిలిచే పాఠకులు ఎక్కడినుంచి వస్తారు? పైగా ప్రభుత్వ దినపత్రికలతో పోటీపడి ప్రైవేటు పత్రికలు ఆర్థికంగా నలిగిపోయాయి. 2014లో విదేశీ కంపెనీలు రావడంతో సిమ్ కార్డు ధర ఒక్కసారిగా పడిపోయి, కోట్లమంది పత్రిక చదివే అలవాటు ఏర్పడకముందే నేరుగా ఫేస్‌బుక్‌కు చేరారు. అక్కడ విద్వేష ప్రచారం ఎలా సాగిందో 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం స్పష్టంగా నమోదు చేసింది.

ఢిల్లీ తెలుగువాడు:
ఆ పదేళ్ళూ వృథా అయ్యాయంటే మాత్రం నేను ఒప్పుకోను. 2021 మార్చి 8న సైనిక ప్రభుత్వం మిజ్జిమా, డీవీబీ (డెమోక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా), మయన్మార్ నౌ సహా ఐదు వార్తాసంస్థల లైసెన్సులను రద్దు చేసినా, వాటి విలేకరులు రహస్య స్థావరాల నుంచి, సరిహద్దుల అవతలి నుంచి వార్తలు పంపుతూనే ఉన్నారు. వీటిలో మిజ్జిమాను 1998లో ప్రవాసులు మొదలుపెట్టింది మా ఢిల్లీలోనే. 2012లో స్వదేశానికి చేరిన ఆ సంస్థ తొమ్మిదేళ్ళకే మళ్ళీ అజ్ఞాతంలోకీ ప్రవాసంలోకీ వెళ్ళవలసి వచ్చినా, పని మానలేదు.