పాత బెంచ్ మిల్లు సీఎన్‌సీ: మాక్3, లైనక్స్‌సీఎన్‌సీ, జీఆర్‌బీఎల్‌లో ఏది?

నల్గొండ_షెడ్డు:
ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న బెంచ్ మిల్లును (లోహం చెక్కే మెషిన్) సీఎన్‌సీకి, అంటే కంప్యూటర్‌తో నడిచేలా మారుస్తున్నాను. పని ఎక్కువగా అల్యూమినియం, ఇత్తడి. అప్పుడప్పుడు రైస్ మిల్లు వాళ్లకు ఒకటో రెండో ప్లేట్లు. మూడు యాక్సిస్‌లకూ (కదిలే దిశలకు) నీమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే డీఎం542 డ్రైవర్లు, చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే బాల్‌స్క్రూలు వచ్చేశాయి. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోయాను. ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్ల పోర్టు) ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది. దాంట్లో మాక్3 వేయాలా, లైనక్స్‌సీఎన్‌సీ వేయాలా? లేక చిన్న ఆర్డుయినో బోర్డు మీద జీఆర్‌బీఎల్‌తో కానిచ్చేయనా? బడ్జెట్ అడగకండి, మోటార్లకే అయిపోయింది.

పాలమూరు_ఫిట్టర్:
మాక్3 వేసెయ్ తమ్ముడూ. విండోస్ 7, 32 బిట్ ఎక్కించి, నెట్ వైరు పీకేసి మిల్లు పక్కన పెట్టు. నాది ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. లైనక్స్ నేర్చుకునేలోపు పది పార్టులు కోసుకుంటావు.

దేవరకొండ_చిప్స్:
అన్నా, మీది నడుస్తోంది సరే, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాడికి అది చెప్పకండి. మాక్3ని కొత్తగా తయారు చేసేవాళ్లు లేరు. దాని ప్యారలల్ పోర్టు సాఫ్ట్‌వేర్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పని చేయదు. రేపు ఆ మదర్‌బోర్డు పోతే మళ్లీ పాత సామాన్ల దుకాణాలే దిక్కు. లైసెన్సు 175 డాలర్లు. కొనకపోతే ప్రోగ్రాం 500 లైన్ల దగ్గర ఆగుతుంది. బోర్డుతోపాటు ‘ఫుల్ వెర్షన్’ అని సీడీ పెడతారు చూశారా, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది దొంగ సరుకు.

స్పీడు సంగతి ఒకసారి లెక్కేద్దాం. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. మోటారు డ్రైవర్ మీద ఒక్కో స్టెప్పును 10 మైక్రోస్టెప్పులుగా విడగొడితే 2000. స్క్రూ చుట్టుకు 5 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 400 పల్సులు (డ్రైవర్‌కు వెళ్లే సిగ్నళ్లు). నిమిషానికి 3000 మిల్లీమీటర్లు పరుగెత్తించినా సెకనుకు 20,000 పల్సులే. మాక్3 మామూలుగా 25,000 ఇస్తుంది, ఆర్డుయినో ఉనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ 30,000 దాకా ఇస్తుంది. కాబట్టి స్పీడు కోసం కొట్టుకోనక్కర్లేదు. 16 మైక్రోస్టెప్పులకు పోతేనే 32,000 అయి ఉనో చేతులెత్తేస్తుంది. ఎక్కువ పెడితే ఎక్కువ కచ్చితత్వం అని కొందరు అనుకుంటారు, అదేం రాదు.

మిర్యాల_లేత్:
అయితే జీఆర్‌బీఎల్ చాలుగా? బ్యాక్‌లాష్ (స్క్రూలో ఉండే ఆట) కాంపెన్సేషన్ లేదు, జీ81 డ్రిల్లింగ్ సైకిల్ (ఒక్క కమాండ్‌తో రంధ్రం వేసేది) లేదు, నిజమే. డ్రాయింగ్ నుంచి కమాండ్లు తయారు చేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఆ సైకిల్‌ను విడగొట్టి ఇస్తుంది.

పాలమూరు_ఫిట్టర్:
జీఆర్‌బీఎల్ బోర్డుకు పీసీతో ఉండే యూఎస్‌బీ లింకు మీద నాకు నమ్మకం లేదు. స్పిండిల్ వీఎఫ్‌డీ (కట్టర్ మోటారు వేగం మార్చే పెట్టె) ఆన్ చేసీ చేయగానే లింకు తెగిపోయింది నాకు. ఇత్తడి ముక్కలో పాకెట్ సగం అయింది, కట్టర్ అక్కడే తిరుగుతోంది, స్క్రీన్ మీదేమో ‘డిస్‌కనెక్టెడ్’. స్పిండిల్‌కు షీల్డ్ వైరు వేసి, షీల్డును వీఎఫ్‌డీ వైపు ఎర్త్ చేశాక తగ్గింది.

దేవరకొండ_చిప్స్:
అది వైరింగ్ తప్పన్నా, జీఆర్‌బీఎల్ తప్పు కాదు. అయినా మిల్లు అన్నాక నా ఓటు లైనక్స్‌సీఎన్‌సీకే. స్పిండిల్‌కు ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) పెడితే రిజిడ్ ట్యాపింగ్, అంటే స్పిండిల్ తిప్పుడుకు సరిపోయేలా మర కోయడం చేస్తుంది. డబ్బు అడగదు. కాకపోతే ప్యారలల్ పోర్టు మీద నడపాలంటే ముందు లేటెన్సీ టెస్ట్ (పీసీ ఎంత ఆలస్యం చేస్తుందో చూసే టెస్ట్) చేయాలి. 15–20 మైక్రోసెకన్ల లోపు జిట్టర్ (టైమింగ్‌లో తేడా) వస్తే పండగ. 100 దాటితే ఆ పీసీని పోర్టుకు వాడొద్దు. ఊరికే పెట్టి చూడకు తమ్ముడూ. బ్రౌజర్ తెరువు, వీడియో ఆడించు, పెద్ద ఫైల్ కాపీ చేయి. అప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది.

మిర్యాల_లేత్:
ఇంకొక్క మాట, సప్లై ఎంత వోల్టు? డీఎం542 పై హద్దు 50. 48 వోల్టుల సప్లై పెడితే, యాక్సిస్ గబుక్కున ఆగినప్పుడు మోటారు వెనక్కి తోసే కరెంటుకు చోటుండదు. 36 పెట్టు.

నల్గొండ_షెడ్డు:
36 వోల్టులదే తెచ్చా. క్లోజ్డ్ లూప్ మోటార్లు (తిరిగింది కొలిచి సరిచూసుకునేవి) తీసుకుంటే స్టెప్పులు తప్పే బాధ ఉండదంటున్నారు, తొందరపడ్డానా?

దేవరకొండ_చిప్స్:
తొందరేం లేదు. స్టెప్పు తప్పితే అలారం ఇస్తుంది, అదొక్కటి బాగుంటుంది. కానీ ఎన్‌కోడర్ ఉండేది మోటారు తోక దగ్గర, టేబుల్ దగ్గర కాదు. స్క్రూలో ఆట ఉంటే దానికేం తెలుస్తుంది? ముందు డయల్ గేజి పెట్టి బ్యాక్‌లాష్ చూసుకో.

నల్గొండ_షెడ్డు:
రాత్రి టెస్ట్ నడిపా. ఖాళీగా 22,000 నానోసెకన్లు (22 మైక్రోసెకన్లు). బ్రౌజర్‌లో వీడియో పెట్టగానే ఒక్క దూకు, 1,84,000.

పాలమూరు_ఫిట్టర్:
చెప్పానా! విండోస్ ఎక్కించు.

దేవరకొండ_చిప్స్:
184 మైక్రోసెకన్లు ఆలస్యమయ్యే డబ్బా విండోస్‌లో పల్సులు సరిగ్గా ఇస్తుందని ఎవరన్నారన్నా? అక్కడ కొలిచి చూడం కాబట్టి కనబడదంతే. తమ్ముడూ, బయోస్‌లో పవర్ సేవింగ్, హైపర్‌థ్రెడింగ్ ఆపి మళ్లీ చూడు. తగ్గకపోతే మెసా ఈథర్నెట్ కార్డు (లైనక్స్‌సీఎన్‌సీతో వాడే కంట్రోల్ బోర్డు). పల్సులు కార్డే కొడుతుంది, పీసీ మిల్లీసెకనుకోసారి పలకరిస్తే చాలు. ఈ జిట్టర్ దానికి పెద్ద అడ్డు కాదు.

నల్గొండ_షెడ్డు:
కార్డు దిగుమతి ఖర్చు ఇప్పుడు నావల్ల కాదన్నా. బయోస్ మార్చి చూస్తా. అప్పటిదాకా ఇంట్లో పడున్న ఉనోతో ఎక్స్ యాక్సిస్ ఒక్కటి తిప్పుతుంటా. డయల్ గేజి అడిగి తెచ్చుకోవాలి.