విదేశీ వేసవి పరిశోధనకు సిఫార్సు లేఖ: గైడు "నువ్వే రాసుకుని రా" అంటే రాయవచ్చా?

పెన్నా తీరం

నేను రాయలసీమలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. 2004 నుంచి వ్యవసాయానికి అందుతున్న ఉచిత విద్యుత్తుకూ, అనంతపురం ప్రాంతంలో బోరుబావులు ఏటికేడు మరింత లోతుకు పోవడానికీ ఉన్న సంబంధం నా పరిశోధనాంశం. ఆస్ట్రియాలో వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఐఐఏఎస్ఏ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1977 నుంచి యువ పరిశోధకుల కోసం జూన్ మొదలు ఆగస్టు వరకు మూడు నెలల వేసవి కార్యక్రమం నడుపుతోంది. ఏటా సుమారు 50 మంది పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద ఉన్న టైఫాక్ అనే సంస్థ ద్వారా మన దేశానికి కూడా అందులో సభ్యత్వం ఉంది. నీరు, విద్యుత్తు, సేద్యం మూడింటినీ ఒకే లెక్కలోకి తెచ్చే నమూనాల మీద అక్కడ ఎంతో కాలంగా పని జరుగుతోంది కనుక, నా అంశానికి అంతకంటె తగిన చోటు నాకు కనబడలేదు.

పరిశోధన ప్రతిపాదన సిద్ధమైంది. గడువు జనవరిలో ముగుస్తుంది. సిఫార్సు లేఖ సంగతి ఎత్తగానే మా గైడు గారు, "నువ్వే రాసుకుని తీసుకురామ్మా, చూసి సంతకం పెడతాను" అన్నారు. ఆయన నన్ను ఏనాడూ నిర్లక్ష్యం చేసినవారు కారు. నా అధ్యాయాలను వాక్యం వాక్యం దిద్ది ఇచ్చిన మనిషి. మా శాఖలో అందరూ ఇలాగే చేస్తారని సీనియర్లు అంటున్నారు. ఒకరైతే తమ పాత లేఖ ఫైలు పంపి, పేరు మార్చుకుంటే చాలన్నారు. నాకు మాత్రం చెయ్యి ఆడడం లేదు. నన్ను నేనే మూడో మనిషిలా మెచ్చుకుంటూ రాసి, కింద ఆయన సంతకం పెట్టించుకుంటే అది అవతలివారిని మోసగించడం అవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బెర్లిన్ బాటసారి

నిస్సంకోచంగా రాయండి. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా నోటు రాస్తాడు, అధికారి చదివి సంతకం చేస్తాడు. ఆ తరువాత ఆ మాటలన్నీ అధికారివే అవుతాయి. మీ గైడు గారు చదవకుండా సంతకం పెడితే తప్పు ఆయనది. చదివి పెడితే ఆ లేఖ ఆయనదే.

నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు ఖొరానా స్కాలర్స్ కార్యక్రమం కింద ఒక వేసవి అమెరికాలోని ప్రయోగశాలలో పనిచేశాను. ఆ వేసవి లేకపోతే ఈనాడు ఇక్కడ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) చేసేవాణ్ణి కాను. మనవంటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చేవారికి ఇలాంటి తలుపు ఒక్కసారి తెరుచుకోవడమే గగనం. పెద్ద సంస్థల విద్యార్థులకు విదేశాల్లో చదివివచ్చిన ఆచార్యులు అవతలివారికి నచ్చే ధోరణిలో లేఖలు రాసి ఇస్తారు. మనకు ఆ భాగ్యం లేదు కనుక మన పని మనమే చేసుకోవాలి. మడి కట్టుకుని కూర్చుంటే నష్టపోయేది మీరొక్కరే.

విశాఖ మాస్టారు

బాటసారి గారు తెచ్చిన గుమస్తా పోలికనే తీసుకుందాం. గుమస్తా ఊరివాళ్ళ అర్జీల మీద నోటు రాస్తాడు కాని, తన పదోన్నతి ఫైలు మీద తానే నోటు రాసుకునే గుమస్తాను ఏ కార్యాలయమూ ఒప్పుకోదు. ఇక్కడ జరుగుతున్నది సరిగ్గా అదే.

నేను ఉద్యోగ విరమణ చేసిన ఆచార్యుణ్ణి. సిఫార్సు లేఖ చదివేవారికి అందులో కావలసినవి ముఖ్యంగా రెండు. ఈ విద్యార్థి తోటివారిలో ఎక్కడ నిలుస్తాడన్నది మొదటిది. ఇంకా ఏ విషయంలో పట్టు చిక్కలేదు, ఎవరైనా చేయి అందిస్తే ఎంతవరకు ఎదుగుతాడన్నది రెండోది. ఈ రెండూ ఏళ్ళ తరబడి అనేకమందిని చూసిన గైడుకు తప్ప మరొకరికి తెలిసేవి కావు. చాలా అమెరికన్ ఫారాలలో ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా, ఏ హోదాలో తెలుసు, మీరు చూసిన విద్యార్థులలో మొదటి 5 శాతంలో ఉంచుతారా, 10 శాతంలోనా అని గళ్ళు గీసి మరీ అడుగుతారు. అమ్మా, నీ ముందు తరాల విద్యార్థులను నువ్వు చూడలేదు కదా, ఆ గడి ఎలా నింపుతావు? ఏ గడిలో టిక్కు పెట్టినా అది నీకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడమే.

మరొక మాట. అమెరికాలో 1974లో వచ్చిన చట్టం విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. అందువల్ల అక్కడి దరఖాస్తులలో "ఈ లేఖను చూసే హక్కును వదులుకుంటున్నాను" అని విద్యార్థి చేత సంతకం చేయించుకోవడం ఆనవాయితీ అయింది. విద్యార్థి చూడడని తెలిస్తేనే రాసేవారు నిజం రాస్తారని వారి ఉద్దేశం. లేఖ మొత్తం తానే రాసి, దాన్ని చూడనని సంతకం పెట్టే విద్యార్థి తన పరిశోధన జీవితాన్ని ఒక అబద్ధపు సంతకంతో మొదలుపెడుతున్నాడు. లాక్సెన్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉంది కనుక అక్కడ ఆ చట్టంతో పని లేకపోవచ్చు, అయినా లేఖ మీద అవతలివారు పెట్టుకునే నమ్మకం ఎక్కడైనా ఒక్కటే.

ఓరుగల్లు బడి

మాస్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను తెలంగాణలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురికి గైడుగా ఉండవచ్చు. కాగితం మీద అది సబబుగానే ఉంది. ఏళ్ళుగా ఖాళీలు నింపని శాఖలో ఉన్న ఒకరిద్దరు పర్మనెంటు అధ్యాపకులే పాఠాలు, పరీక్షలు, మూల్యాంకనం, న్యాక్ గుర్తింపు ఫైళ్ళు, హాస్టల్ వార్డెన్ బాధ్యత మోస్తుంటారని కూడా చెప్పుకోవాలి. గైడు బద్ధకం వల్లనే "రాసుకుని రా" అంటాడని అనుకోవడం న్యాయం కాదు.

అంతకంటె పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఎలా రాయాలో మాకు ఎవరూ నేర్పలేదు. మాకు తెలిసిన నమూనా కాండక్ట్ సర్టిఫికెట్ ఒక్కటే. "ఈమె నాకు మూడేళ్ళుగా తెలుసు, సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, సత్ప్రవర్తన కలది, ఈమె భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను" అని నాలుగు వాక్యాలు రాసి, లెటర్‌హెడ్ మీద సీలు వేసి ఇస్తే అదే గొప్ప మేలు చేశామనుకుంటాం. అలాంటి లేఖ వల్ల మంచి విద్యార్థికి అన్యాయమే జరుగుతుంది. ఆ సంగతి తెలిసిన గైడు "నీకే బాగా తెలుసు, నువ్వే రాయి" అంటే అందులో కొంత నిజాయితీ కూడా ఉంది.

పైగా విద్యార్థి "నేను రాయను సార్" అని ఎలా అంటుంది? నెలనెలా ఫెలోషిప్ ధ్రువీకరణ మొదలు సిద్ధాంత గ్రంథం సమర్పణ వరకు ప్రతి కాగితానికీ గైడు సంతకం కావాలి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. ఇల్లు ఆ డబ్బుతో నడిచే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. నీతి చెప్పేటప్పుడు ఆ చెప్పిన మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తారో చూడాలి.

లేడెన్ నుంచి

నేను నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్నాను, మా బృందానికి వచ్చే వేసవి విద్యార్థుల దరఖాస్తులు చదవడం నా పనులలో ఒకటి. చదివేవారి వైపు నుంచి చెబుతాను.

విద్యార్థి రాసుకున్న లేఖను పట్టుకోవడం కష్టమేమీ కాదు. బయోడేటాలో ఉన్నదే లేఖలో మళ్ళీ వస్తుంది: మార్కులు, సెమినార్లు, నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ల పేర్లు. వాటిని నేను అప్పటికే చదివి ఉంటాను. ఒకే శాఖ నుంచి ఒకే ఏడాది వచ్చిన ఇద్దరి లేఖలలో రెండో పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటే, ఆ ఇద్దరికే కాక ఆ శాఖ నుంచి తరువాత వచ్చేవారికి కూడా చేటు జరుగుతుంది. మీ సీనియర్ పంపిన ఫైలును మాత్రం దయచేసి తాకకండి. ఈమధ్య చాట్‌జీపీటీతో రాయించినవి కూడా వస్తున్నాయి. వాటి ఇంగ్లీషు నున్నగా ఉంటుంది, అందులో మనిషి మాత్రం కనబడదు.

లేఖలో నేను వెతికేది ఒక్క సంఘటన. ఈ విద్యార్థి చిక్కులో పడ్డప్పుడు ఏం చేసిందో గైడు కళ్ళతో చూసి చెప్పిన నాలుగు ముక్కలు, వాటిలో వ్యాకరణ దోషాలు ఉన్నా, పది విశేషణాల కంటె ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. పెన్నా తీరం గారూ, మీ గైడు మీ గురించి అలా చెప్పగల సంగతి ఏదైనా ఉందా?

పెన్నా తీరం

ఉందనుకుంటాను. నీటిమట్టం కొలిచే ఒక పీజోమీటరు అంకెలు వరుసగా చాలా నెలలు ఒకే విలువ చూపిస్తున్నట్టు గమనించి, గైడు గారికి చెప్పి ఆ ఊరు వెళ్ళాను. పరికరం ఎప్పుడో పనిచేయడం మానేసింది, పాత అంకే మళ్ళీ మళ్ళీ నమోదవుతూ వచ్చింది. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో వెతికి అన్నిటినీ తీసివేస్తే నేను ముందు సాధించాననుకున్న ఫలితం సగం బలహీనపడింది. అప్పటికే సదస్సుకు పంపిన పత్రసంగ్రహాన్ని వెనక్కు తీసుకున్నాం. ఆ రోజు గైడు గారు ఏమీ అనలేదు. తరువాత జూనియర్లకు పాఠం చెబుతూ ఈ సంగతి వాళ్ళకు ఎంతో వివరంగా చెప్పారని తెలిసింది. ఆయన తెలుగులో చెబుతుంటే వినాలి. ఇంగ్లీషులో రాయవలసి వస్తే మాత్రం మొహమాటపడతారు. ఈ పని నా మీద పెట్టడానికి అసలు కారణం అదేనేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

విశాఖ మాస్టారు

అయితే దారి దొరికిందమ్మా. ఆయనను తెలుగులోనే చెప్పమను. నువ్వు పక్కన కూర్చుని ఇంగ్లీషులో టైపు చేసి, చదివి వినిపించు. ఆయన మార్చమన్నవి మార్చు. వెనుకటి రోజుల్లో ఆచార్యులు స్టెనోకు డిక్టేషన్ ఇచ్చేవారు, అంతమాత్రాన ఉత్తరం స్టెనోది కాలేదు. తీర్పు ఆయనదైతే చాలు, ఇంగ్లీషు ఎవరిదైనా ఫరవాలేదు. వెళ్ళేటప్పుడు ఒక పేజీ నోటు తీసుకెళ్ళు: కార్యక్రమం ఏమిటి, నీ ప్రతిపాదన సారాంశం, ఆయన దగ్గర చేరిన తేదీ, చేసిన పనులు, గడువు. అందులో నీ గురించి ఒక్క మెచ్చుకోలు మాట కూడా ఉండకూడదు.

ఓరుగల్లు బడి

ఇది మంచి సూచనే కాని, ఒక లోపం ఉంది. ఎదురుగా కూర్చున్న పిల్ల ముందు ఏ గైడూ "ఈమెకు గణాంకశాస్త్రంలో ఇంకా పట్టు రావాలి" అని చెప్పడు. మాస్టారు మొదట అడిగిన రెండింటిలో ఒకటి అక్కడికక్కడే పోయినట్టే కదా. తోటివారితో పోలిక కూడా మొహమాటంతో ఒక మెట్టు పైకి జరుగుతుంది. దానికంటె ఆయన చెప్పదలచుకున్నది వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా శాఖలోని మరో అధ్యాపకుడికి పంపితే, ఆయన ఇంగ్లీషులో పెట్టి ఇవ్వవచ్చు. నా దగ్గరకు అలా ఎవరైనా పంపితే సంతోషంగా చేసిపెడతాను. మా శాఖలో వచ్చే ఏడాది నుంచి ఇలా ఒకరికొకరం చేసుకోవాలని ప్రతిపాదించబోతున్నాను.

బెర్లిన్ బాటసారి

మీరంతా మంచి గైడు ఉన్న అమ్మాయికి మంచి సలహాలు ఇచ్చారు, సంతోషం. నేను అడిగేది మిగతావారి గురించి. పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడని గైడులు ఉన్నారు. "డ్రాఫ్ట్ లేదా? అయితే లేఖ లేదు" అని మొహం మీదే చెప్పేవారు ఉన్నారు. ఆ పిల్లలు దరఖాస్తే పెట్టకూడదంటారా?

విశాఖ మాస్టారు

పెట్టాలి. ముందు వేరే మనిషిని వెతకాలి: కో-గైడు, డాక్టోరల్ కమిటీ సభ్యుడు, ఎమ్మెస్సీలో ప్రాజెక్టు చేయించిన అధ్యాపకుడు. పెద్ద హోదా ఉండి నీ పని ఎరుగని ఆచార్యుడి కంటె నీతో పొలం గట్టున నడిచిన చిన్న అధ్యాపకుడి లేఖే మేలు. ఎవరూ దొరకకపోతే, సరిచూసుకోదగిన వాస్తవాలు మాత్రం రాసి, విశేషణాలు, పోలికలు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలి గైడు ముందు పెట్టాలి. అప్పటికీ ఆయన ఆ ఖాళీలు నింపకుండా సంతకం చేస్తే, ఆ విద్యార్థిని నేను దోషి అనను. ఆ దోషం గైడుది, ఆయనను అలా నడవనిచ్చిన మా తరానిది.

బెర్లిన్ బాటసారి

ఆఖరి మాటతో ఏకీభవిస్తాను, మిగతా దానితో ఇప్పటికీ పూర్తిగా కాదు. ఖాళీలు వదిలిన లేఖ ఖాళీలతోనే వెళ్ళిపోతుందన్న భయం నాకు ఉంది.

పెన్నా తీరం

అందరికీ కృతజ్ఞతలు. నోటు రాసుకుని ఈరోజు గైడు గారిని కలిశాను. లేఖ మీరు తెలుగులో చెబితే టైపు చేసే బాధ్యత వేరొకరికి అప్పగిద్దామా సార్ అని అడిగాను. కాసేపు నోటు చూసి, పీజోమీటరు సంగతి ఇందులో లేదేమని ఆయనే అడిగారు. మా శాఖలోనే ఉన్న ఇంకొక మేడమ్‌తో కూర్చుని రాస్తానని, పోలిక గడి తానే నింపుతానని, నేను చూడనవసరం లేదని చెప్పారు. ఏం రాస్తారో తెలియదు. కొంచెం భయంగానే ఉంది, అయినా అలాగే ఉండనిస్తాను.

లేడెన్ నుంచి

ఒక్క పని ఈవారమే చూసుకోండి. ఇలాంటి దరఖాస్తులలో చాలావాటికి లేఖ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా గైడు ఈమెయిలుకే వెళుతుంది. మీరు ఇచ్చే చిరునామా జీమెయిల్ అయితే అది నిజంగా ఆయనదేనా అని ఇక్కడివారు సందేహిస్తారు. ఆయనకు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిలు వాడుకలో లేకపోతే దాన్ని తిరిగి తెరిపించడానికి సమయం పడుతుంది. సెలవులు రాకముందే కంప్యూటర్ సెంటర్‌లో అడగండి, లింకు స్పామ్‌లో పడిందేమో కూడా ఆయనను ఒకసారి చూడమనండి.