చర్చ: "మురుగు దారి చూపించని వెంచర్ వద్దు" అంటున్న మా వార్డు అభ్యర్థి. కొత్త మున్సిపాలిటీల వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మున్నేరు_కుడిగట్టు:
మాది ఏదులాపురం. 2025లో ఖమ్మం రూరల్ మండలం పంచాయతీలు కలిపి మున్సిపాలిటీ చేశారు కదా, అదే. మా వార్డులో ఇండిపెండెంట్‌గా నిలబడినావిడ నిన్న మా ఇంటికి వచ్చి అరగంట కూర్చున్నారు. సీసీ రోడ్డు వేయిస్తా, లైట్లు పెట్టిస్తా అనలేదు. మురుగు ఎక్కడికి పోతుందో చూపించని వెంచర్‌కు కౌన్సిల్ అడ్డం నిలబడాలన్నారు. పాత లేఅవుట్లలో పార్కు కింద వదిలిన స్థలాలకు ముందు కంచె వేయాలి, పార్కు సంగతి తర్వాత అన్నారు. మున్నేరు నది వైపు ఇంక కొత్త ఇళ్లు రాకూడదన్నారు. నాకు నచ్చింది. కానీ ఇవి కౌన్సిలర్ చేతిలో ఉన్న పనులేనా? మీ దగ్గర పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చాక వెంచర్లు అదుపులోకి వచ్చాయా? ఇంటి పన్ను ఎంత పెరిగింది?

ఎర్రమట్టి_బిడ్డ:
ప్లాట్లు ఉన్నవాళ్లు వెంచర్ల గురించి మాట్లాడుకోండి. మా ఊరిని కూడా మున్సిపాలిటీలో కలిపారు. దాంతో ఉపాధి హామీ పని పోయింది, అది పల్లెలకే కదా. మా అమ్మ ఎండాకాలం అంతా ఆ కూలి మీదే ఇల్లు నెట్టుకొచ్చేది. ఇప్పుడు మిరప కోతలకు ఆటోలో పోతోంది, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. జాబ్ కార్డు పనికిరాకుండా పోయిన ఇళ్లకు ఏం చేస్తారో మీ అభ్యర్థిని అడిగారా?

గూడెం_వాసి:
పన్ను సంగతి నేను చెబుతా. ఆంధ్రాలో 2021 నుంచి అద్దె లెక్క తీసేసి స్థలం, కట్టడం విలువ మీద పన్ను వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెరగదన్నారు. నిజమే, మించలేదు, కానీ ఆ 15 మీద మళ్లీ 15 పడుతూ పోతే నాలుగైదేళ్లలో ఎక్కడికి చేరుతుందో లెక్క వేసుకోండి. దానికి తోడు చెత్తకు నెలనెలా డబ్బు. చెత్త పన్ను తర్వాత తీసేశారనుకోండి. మా వీధి చివర కాలువ మాత్రం పూడిక తీయకుండా అలాగే ఉంది. పన్ను పెరగడం మీద నాకు కోపం లేదు. కట్టిన డబ్బు మా కాలువలో కనిపించకపోవడం మీదే నా కోపం అంతా.

ఫ్రిస్కో_తెలుగు:
ఇక్కడ టెక్సాస్‌లో ఒక స్థలం జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చన్న నిబంధన, మార్చాలంటే చుట్టూ 200 అడుగుల లోపు ఉన్న ఓనర్లకు ముందే నోటీసు పంపాలి, చట్టంలోనే ఉంది. హియరింగ్‌లో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మన దగ్గర పక్క చేనులో రాళ్లు పాతేదాకా వెంచర్ వస్తోందని పక్కింటివాడికే తెలియదు. ఖమ్మంలో మా నాన్నగారి ఇంటి వెనక అలాగే జరిగింది. వాన నీళ్లు పోయే పల్లం మట్టితో ఎత్తు చేసేశారు. అభ్యర్థి గారు ఈ నోటీసు పద్ధతి పెట్టిస్తానంటే బాగుంటుంది.

వైరా_రోడ్:
అక్కడ కూర్చుని సలహాలు చెప్పడం సులువే సార్. ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. మేము లేఅవుట్ వేయకపోతే టీచర్లు, చిన్న ఉద్యోగులు స్థలం ఎక్కడ కొంటారు? మున్నేరు వైపు ఇళ్లే వద్దంటే ఆ రైతు పొలం ఎవరు కొనాలి? నిబంధన ప్రకారం నది హద్దు నుంచి 50 మీటర్లు వదిలితే చాలు. నది ఒడ్డున వరద ఆపే రిటైనింగ్ వాల్ కూడా కడుతున్నారు. అది పూర్తయితే ఆ భయమే ఉండదు.

బొక్కలగడ్డ_పిల్ల:
2024 సెప్టెంబర్ 1న మా ఇంట్లోకి వచ్చిన నీళ్లు మీ 50 మీటర్ల దగ్గర ఆగలేదండీ. ఫ్రిజ్, బియ్యం, మా తమ్ముడి సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుంటే చివరికి జేసీబీ మీద తీసుకొచ్చారు. అది చూసినవాళ్లు ఎవరూ "భయమే ఉండదు" అనరు.

పాత_ప్లానర్:
టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను కాబట్టి చెబుతున్నాను, అందరూ సగం సగం మాట్లాడుతున్నారు. 2012 బిల్డింగ్ రూల్స్ జీవో 168 తీసి చదవండి. నది హద్దు నుంచి మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు నుంచి, 30 మీటర్లు. అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు. ఇప్పుడు అర్థమైందా? నిన్నటిదాకా పంచాయతీగా ఉన్న ఊరు మున్సిపాలిటీ కాగానే నది పక్కన వదలాల్సిన జాగా సగానికి తగ్గింది. మీ అభ్యర్థి గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే.

మున్నేరు_కుడిగట్టు:
సార్, ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మరి ఆ 50 మీటర్లు కొలిచేది ఎక్కడి నుంచి? నీళ్లు పారే చోటు నుంచా, వరద వచ్చిన చోటు నుంచా?

వైరా_రోడ్:
ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు ఖాయం చేసిన నది హద్దు నుంచి. వరద ఎక్కడిదాకా వస్తే అదే హద్దు అంటే సగం ఖమ్మం ఖాళీ చేయాలి. ఆ ఒక్క వరద చూపించి మొత్తం వ్యాపారాన్ని దొంగల్ని చేయకండి.

బొక్కలగడ్డ_పిల్ల:
మిమ్మల్ని దొంగ అని ఎవరన్నారు? ఉన్న ఇళ్లు ఖాళీ చేయమని కూడా ఎవరూ అనలేదు. కొత్తవి వద్దంటున్నాం. మీ లేఅవుట్ కొన్న టీచర్ రేపు పిల్లల్ని ఎత్తుకుని డాబా ఎక్కితే మీరు వచ్చి దించుతారా?

నయీంనగర్_నాలా:
ఇద్దరూ కాసేపు ఆగండి. మాది హనుమకొండ. 2020 ఆగస్టులో మా కాలనీ మునిగింది నది వల్ల కాదు, నాలా ఇరుకైపోవడం వల్ల. వాల్ కడితే నది ఆగుతుంది, సరే. మరి కాలనీలో పడిన వాన ఎటు పోవాలి? నది నిండుగా ఉన్నప్పుడు తూములు మూసేయాలి, లేకపోతే నది నీళ్లే ఎదురు తంతాయి. మూస్తే లోపలి నీళ్లు లోపలే నిలుస్తాయి. పెద్ద మోటార్లు పెట్టి తోడాలి. వాటికి కరెంటు, డీజిల్, మనుషులు ఎవరి ఖర్చు? "మురుగు ఎక్కడికి పోతుంది" అని ఆవిడ అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. మేము నష్టపోయాక నాలా వెడల్పు చేశారు. మీరు ముందే అడగండి.

ఎర్రమట్టి_బిడ్డ:
నా ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. నది హద్దు మీద ఇంత కొట్టుకుంటున్నారు, కూలి పోయిన ఆడవాళ్ల గురించి ఒక్క మాట లేదు.

గూడెం_వాసి:
తమ్ముడూ, నీ బాధ న్యాయమే. కానీ పల్లె పథకం పట్నంలో ఇప్పించడం వార్డు మెంబరు వల్ల అవుతుందా?

ఎర్రమట్టి_బిడ్డ:
ఆ పథకం ఇప్పించమనలేదు. కాలువ పూడికతీత, నర్సరీ, మొక్కలకు నీళ్లు పోసే పని బయటి కాంట్రాక్టర్ మనుషులకు కాకుండా మా ఊరి ఆడవాళ్లకు ఇవ్వమంటున్నా. తెలంగాణ మున్సిపల్ చట్టంలో పది శాతం బడ్జెట్ పచ్చదనానికే పెట్టాలని ఉంది కదా. ఆ డబ్బు ఎవరి చేతికి పోతోంది?

14_శాతం_కట్టినోడు:
పచ్చదనం అంటే నాకు ఒళ్లు మండుతోంది. మా లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం లేదని ఎల్‌ఆర్‌ఎస్‌లో, అదే అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకంలో, ప్లాటు విలువ మీద 14 శాతం అదనంగా కట్టించుకున్నారు. తీరా చూస్తే బ్రోచర్‌లో పార్కు ఉంది. ఆ జాగాలో ఇప్పుడు ఎవరివో రేకుల షెడ్లు. పార్కు పోయింది, డబ్బూ పోయింది. కంచె ముందు, పార్కు తర్వాత అన్నందుకు ఆవిడకు మా ఇంట్లో ఓట్లన్నీ వేసేవాళ్లం, మాది ఆ వార్డు కాదు.

పాత_ప్లానర్:
బ్రోచర్ చెల్లదు. ఆ స్థలం స్థానిక సంస్థ పేరున గిఫ్ట్ డీడ్ (దానపత్రం) అయిందో లేదో ముందు చూడండి. లేఅవుట్ మొత్తం సర్వే నంబర్లతో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. డీడ్ ఉంటే సర్టిఫైడ్ కాపీ తీసుకుని కమిషనర్‌కు కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి. డీడ్ లేకపోతే షెడ్లు తీయించడం చాలా కష్టం.
ఇక కౌన్సిలర్ చేతిలో ఏముందని అడిగారు. ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో వస్తాయి, అక్కడ కౌన్సిలర్ సంతకం లేదు. లేఅవుట్ అనుమతి కౌన్సిల్‌లో ఓట్లు వేసి ఇచ్చేది కాదు. ఇండిపెండెంట్‌గా గెలిచినా ఆపలేరు. కానీ వెంచర్ వేసినవాళ్లు 15 శాతం ప్లాట్లు హామీగా మార్ట్‌గేజ్ (తనఖా) పెడతారు. రోడ్లు, కాలువలు పూర్తి చేశాకే వాటిని విడిపించాలి. చాలాచోట్ల కాలువ సగంలో ఉండగానే విడుదలైపోతాయి. ఆ దశలో కౌన్సిలర్ వెళ్లి, కాలువ ఏ వాగులో కలిసిందో ఫొటోలతో రాసి అభ్యంతరం పెడితే అధికారి అంత తేలిగ్గా సంతకం పెట్టడు.

వైరా_రోడ్:
ఈ ఒక్క మాట ఒప్పుకుంటా. సరిగ్గా కాలువ కట్టి అమ్మేవాళ్లం రేటు ఎక్కువని నష్టపోతున్నాం. కట్టనివాడు గజానికి తక్కువ చెప్పి ముందే అమ్ముకుని వెళ్లిపోతున్నాడు. మార్ట్‌గేజ్ గట్టిగా పట్టుకుంటే మాలాంటి వాళ్లకే మేలు.

ఫ్రిస్కో_తెలుగు:
మరి నేను చెప్పిన హియరింగ్?

పాత_ప్లానర్:
దానికి దగ్గరగా ఉన్నది మన చట్టంలోనే ఉంది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ఊళ్లో పేరున్నవాళ్లు. ఆ 60 మంది ముందు వెంచర్ మ్యాపు పెట్టమని అడగండి.

బొక్కలగడ్డ_పిల్ల:
మహిళల కమిటీలో ఎర్రమట్టి_బిడ్డ వాళ్ల అమ్మగారి లాంటి వాళ్లు ఉండాలి, లీడర్ల భార్యలు కాదు.

మున్నేరు_కుడిగట్టు:
రేపు సాయంత్రం ఆవిడ మా వీధికి మళ్లీ వస్తున్నారు. 50 మీటర్ల సంగతి, మార్ట్‌గేజ్, పూడికతీత పని ఊరి ఆడవాళ్లకు ఇవ్వడం, ఈ మూడూ కాగితం మీద రాయించి సంతకం అడుగుతాను. ఏదులాపురంలో మిగతా వార్డుల వాళ్లు ఎవరైనా ఉంటే మీ అభ్యర్థులను కూడా ఇవే అడిగి, వాళ్లు ఏమన్నారో ఇక్కడ పెట్టండి.

14_శాతం_కట్టినోడు:
ప్లానర్ గారూ, పాత సర్వే నంబరు సబ్ డివిజన్ అయి బై నంబర్లు వచ్చాయి. ఈసీ దేనితో తీయించాలి?

పాత_ప్లానర్:
రెండింటితోనూ తీయించండి. పాత నంబరుతో లేఅవుట్ వేసినప్పటి ఏడాది నుంచి.